సువార్త చెప్పిన సాక్ష్యం

2022 ఎండాకాలం. కడపలో ఒక ఆసుపత్రి డయాలిసిస్ యూనిట్‌లో నేను స్టాఫ్ నర్సుగా చేరి అప్పటికి పదకొండేళ్లు. ఎనిమిది బెడ్లు, ఎనిమిది మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు. కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకుంటారు. ఒక సూది గుండా రక్తం బయటికి వచ్చి, మిషన్‌లో శుభ్రపడి, ఇంకో సూది గుండా ఒంట్లోకి తిరిగి పోతుంది. దీనితో జబ్బు నయం కాదు, బతికే రోజులు పెరుగుతాయి. మానేస్తే వారం పది రోజుల్లో మనిషి ఉండడు. అందుకే మా పేషంట్లు మాకు ఏళ్ల తరబడి తెలిసిన మనుషులైపోతారు. ఎవరింట్లో గేదె ఈనిందో కూడా మాకు తెలుస్తుంది.

ఇక్కడ చెప్పబోయేది మాత్రం మా యూనిట్‌కు ఒక్కసారి కూడా నడిచి రాని ఒక పిల్ల గురించి. పేర్లు మార్చాను. ఊరి పేరు చెప్పను.

నాలుగో బెడ్డు దేవదానం అయ్యగారిది. జమ్మలమడుగు అవతల ఒక పల్లెలో పాస్టరు. యాభై దాటిన మనిషి, మెత్తని గొంతు. సోమ, బుధ, శుక్రవారాలు పదకొండు గంటలకల్లా వచ్చేవాడు. ఆయనకు ప్రొద్దుటూరు దగ్గర. అక్కడా డయాలిసిస్ దొరుకుతుంది. అయినా ఆ ఎండలో రెండు బస్సులు మారి కడపకు వచ్చేవాడు. మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"అమ్మా, నువ్వు మన విశ్వాసివేనంట. నేను ఈడికి వస్తాండే సంగతి మా సంఘంలో ఎవురికీ తెలీదు. తెలీకూడదు."

పేషంటు జబ్బు సంగతి బయట చెప్పకూడదనేది మా వృత్తిలో మొదటి రూలు. ఆయన అడగకపోయినా చెప్పేదాన్ని కాదు. "అట్లాగే అయ్యగారూ" అన్నాను.

డయాలిసిస్ పేషంటుకు ముంజేతిలో ఒక ధమనినీ సిరనూ ఆపరేషన్ చేసి కలుపుతారు. దాన్ని ఫిస్టులా అంటాం. కొన్నాళ్లకు ఆ నరం బొటనవేలంత లావై చర్మం కింద పాములా కనిపిస్తుంది. ఎవరు చూసినా అదేమిటని అడుగుతారు. ఆయన మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసి గుండీ పెట్టుకునేవాడు. లోపలికి వచ్చాకనే విప్పేవాడు.

నాది ఆత్మకూరు, పుట్టు క్రైస్తవురాలిని. మా నాయన సంఘ పెద్ద. పాస్టరు ఎదుట గట్టిగా మాట్లాడటం మా ఇంట్లో లేదు. అయ్యగారు నా యూనిట్‌లో ఉన్నాడని లోలోపల సంతోషపడ్డాను కూడా. పక్క బెడ్ల వాళ్ల కోసం చిన్న గొంతుతో ప్రార్థన చేసేవాడు. ప్రతి పేషంటుకూ సూది గుచ్చేముందు నేను మనసులో ఒక మాట ప్రార్థించడం అలవాటు. ఆయన చెయ్యి పట్టుకున్నప్పుడు ఆ మాట ఇంకొంచెం భక్తిగా అనుకునేదాన్ని.

ఏడాది గడిచింది. ఒక సోమవారం మా టెక్నీషియన్ ఖాజా ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఈయప్ప మన నాలుగో బెడ్డు అయ్యగారే గదా?"

ముందురోజు ఆదివారం ఆరాధన వీడియో అది. రేకుల మందిరం నిండా జనం. పందొమ్మిదేళ్లుంటాయేమో, సన్నటి పిల్ల మైకు పట్టుకుని నిలబడింది.

"తొమ్మిదో ఏట నుంచి నాకు షుగరు. దినానికి నాలుగు సూదులు ఏసుకుంటాండా. మూడు దినాలు ఉపవాస ప్రార్థనలో ఉన్నా. ప్రభువు నన్ను ముట్టినాడు. ఇంగ ఈ సూది నాకొద్దు."

సంచిలోంచి ఇన్సులిన్ సీసా, సిరంజీలు తీసి ప్రసంగ బల్ల మీద పెట్టింది. మందిరమంతా హల్లెలూయా అని లేచింది. దేవదానం అయ్యగారు పొడుగు చేతుల తెల్లచొక్కాలో ముందుకొచ్చి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

"తొమ్మిదో ఏట నుంచి అంటే టైప్ వన్ మాదిరి ఉండాది గదక్కా. సూది మానేస్తే ఎట్ల?" అన్నాడు ఖాజా.

పెద్దవాళ్లకు వచ్చే షుగరు వేరు, ఇది వేరు. టైప్ వన్‌లో ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారు కాదు. బయటినుంచి ఇవ్వకపోతే రక్తం పులిసినట్టు ఆమ్లమైపోతుంది. డీకేఏ అంటాం. మనిషి పోవడానికి రెండు మూడు రోజులు చాలు.

నేను నేరుగా నాలుగో బెడ్డు దగ్గరికి పోయాను. మిషన్ నడుస్తోంది.

"అయ్యగారూ, నిన్న సాక్ష్యం చెప్పిన పాప ఎవరు?"

ఆయన ముఖం వెలిగింది. "సువార్త. మా సంతోషమ్మ కూతురు. డిగ్రీ చదువుతాండాది. వీడియో మీ దాంక వచ్చిందా?"

"ఆ పాప ఇన్సులిన్ మానకూడదయ్యగారూ. మానితే బతకదు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి."

"చెప్తాలేమ్మా."

"ఇప్పుడే చేయండి. నేను ఫోన్ పట్టుకుంటా."

ఆయన ఫోన్‌ను కుడిచేత్తో దిండు కిందికి తోసుకున్నాడు. "మిషన్ శబ్దం వాళ్లకు వినిపిస్తాది. ఇంటికి పోయినాక చెప్తా."

నేను అక్కడితో వదిలేశాను. ఎందుకు వదిలేశానని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఊరి పేరు తెలుసు. ఆ మండలం ఆరోగ్య కార్యకర్తకు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. అయ్యగారి రహస్యంతో దానికి సంబంధమే లేదు. అయినా చేయలేదు. అయ్యగారు చెప్తానన్నాడు కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ వీడియోలో ఆ పిల్ల ముఖం చూసినప్పుడు, ఒకవేళ దేవుడు నిజంగానే ముట్టాడేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది. పన్నెండేళ్లు నర్సుగా పనిచేసిన నాకు.

బుధవారం ఆయన రాగానే అడిగాను. "చెప్పినారా?"

"చెప్పినా" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆయన డయాలిసిస్ ముగించుకుని బస్సు ఎక్కిన గంటకు ఐసీయూ నుంచి నాకు పిలుపు వచ్చింది. ఎమర్జెన్సీ డయాలిసిస్. చిన్న మిషన్ తోసుకుని పోయాను. తలుపు తీయగానే మాగిన పండు వాసన. డీకేఏ ముదిరినవాళ్ల ఊపిరి అట్లా ఉంటుంది. ఆ పిల్ల స్పృహ లేకుండా, పరిగెత్తి వచ్చినట్టు లోతుగా ఊపిరి పీలుస్తోంది. ఒంట్లో నీరంతా ఎండిపోయి కిడ్నీలు ఆగిపోయాయి. కేస్ షీటు మీద పేరు చదివాను. సువార్త.

డాక్టరు మెడ నరంలో గొట్టం వేస్తుంటే నేను బయటికొచ్చి తల్లిని వివరాలు అడిగాను. సంతోషమ్మ పత్తిచేలల్లో కూలికి పోయే మనిషి. గోడకు ఆనుకుని ఉంది.

"సూది ఎప్పుడు మానేసింది?"

"ఆదివారం మా."

"ఎవరైనా మళ్లీ వేసుకోమని చెప్పలేదా?"

"ఎవురు చెప్తారు సిస్టరమ్మా? సోమవారం సాయంత్రం అయ్యగారే ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోయినాడు. బలంగా నిలబడు పాపా అన్నాడు. మా అయ్యగారు మందుబిళ్ళ ముట్టక పదేండ్లయిందంట. ఒక్క రోగం రాలేదంట."

నేను లోపలికి పోయి మిషన్ ఆన్ చేశాను. ఆ సాయంత్రం నాలుగు గంటలు ఆ పిల్ల పక్కన నిలబడ్డాను. రాత్రికి కొంత తేరుకున్నట్టే ఉంది. గురువారం మధ్యాహ్నం గుండె ఆగింది. నలభై నిమిషాలు ప్రయత్నించారు.

శుక్రవారం అయ్యగారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. ఖాజా ఆయనకు సూదులు వేస్తానన్నాడు. నేనే వేస్తానని చెప్పాను. చొక్కా చేయి విప్పి చెయ్యి చాపాడు.

"ఆలస్యమైంది ఎందుకు?"

ఆయన చొక్కా చేతిని ఇంకొంచెం పైకి మడుచుకున్నాడు.

"సువార్తను సమాధి చేసి వస్తాండారా?"

తలూపాడు. "దేవుని చిత్తం" అన్నాడు.

"ఈ మిషన్ కూడా దేవుని చిత్తమేనా? మీకు మిషన్, ఆ పాపకు ప్రార్థనా?"

"నేను సూది మానమని ఆ బిడ్డకు చెప్పలేదమ్మా. తనే వచ్చి సాక్ష్యం చెప్పింది."

"చెప్తే మీరేం చేసినారు?"

"హల్లెలూయా అన్నా."

ఫిస్టులా మీద వేలు పెట్టి చూశాను. బాగా నడుస్తోంది. రెండు సూదులూ ఒక్కసారికే సరిగ్గా పడ్డాయి. ఆ రోజు నేను ప్రార్థన చేయలేదని సూది గుచ్చాక గుర్తొచ్చింది. తర్వాతి పేషంటుకూ చేయలేదు. ప్రార్థన ఉన్నా లేకున్నా సూది ఒకేలా దిగుతుందని తెలుసుకోవడం నాకు చాలా చేదుగా ఉండింది. ఆదివారం డ్యూటీ ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి మందిరానికి పోలేదు. ఆ పై ఆదివారమూ పోలేదు. ముప్పై ఏళ్లుగా నేను చెప్పిన ఆమెన్‌లు ఎవరి దగ్గరికి పోయాయో నాకు అర్థం కాలేదు. వినేవాడు ఉంటే, సోమవారం ఆ ఇంట్లోకి పోయిన మనిషి నోటిని ఎందుకు మూయలేదు? నా నోటిని ఎందుకు తెరవలేదు?

మూడు వారాలకు సంతోషమ్మ మరణ ధ్రువపత్రానికి కావాల్సిన కాగితం కోసం వచ్చింది. ఎవరో మా యూనిట్‌లో అడగమని పంపారు. అది బుధవారం. అద్దం తలుపుకు లోపల అయ్యగారు పడుకుని ఉన్నాడు. తెర అడ్డంగా ఉంది కాబట్టి ఆమెకు కనపడడు. నేను ఆమెను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి ఆఫీసుకు కబురు పంపాను.

"సిస్టరమ్మా, నువ్వు మన విశ్వాసివంట గదా. ఒగ మాట అడుగుతా, నిజం చెప్తావా?"

"అడుగు."

"నా బిడ్డ నా అనుమానం వల్లనే పోయిందా?"

నాకు అర్థం కాలేదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. మంగళవారం సువార్త వాంతులు చేసుకుంటూ ఉంటే ఈమెకు భయమేసింది. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి, చల్లగా ఉండేందుకు తడికుండలో ఇంకో సీసా దాచి ఉంది. దాన్ని తీసి సిరంజీలోకి ఎక్కించింది. ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్లు వద్దన్నారు. సువార్త కూడా చెయ్యి వెనక్కి లాక్కుంది. ఈమె సూది వేయకుండా మళ్లీ కుండలో పెట్టేసింది.

"తల్లి గుండెలో అనుమానం దూరింది, అందుకే స్వస్థత నిలవలేదు అంటాండారు. సమాధి కాడ అయ్యగారు గూడా ప్రార్థనలో అదే మాట అన్నాడు. అవిశ్వాసాన్ని క్షమించు ప్రభువా అని."

నేను లేచి లోపలికి పోయాను. నాలుగో బెడ్డు తెర పక్కకు లాగి, "సంతోషమ్మ బయట కూర్చుని ఉంది. మీరు అనుమతిస్తే లోపలికి పిలుస్తా. మీ నోటితో మీరే చెప్పండి" అన్నాను.

ఆయన దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడ వైపు తిరిగాడు. "వద్దు తల్లీ. నీకు దండం పెడతా."

నేను బయటికొచ్చాను. అద్దం తలుపు తోసి ఆమెను ఒక్క అడుగు వేయిస్తే చాలు. ఆ తలుపు పిడి మీద నా చెయ్యి ఎంతసేపు ఉందో నాకే తెలియదు. తెరవలేదు. ఆయన ఎంత చెడ్డవాడైనా నా పేషంటు. కానీ ఆమెకు నిజం చెప్పకుండా ఉండటానికి మాత్రం నాకు ఏ రూలూ లేదు.

"సంతోషమ్మా, నువ్వు అనుమానపడింది సరైనదే. ఆ పొద్దు ఆ సూది పడి ఉంటే నీ బిడ్డ బతికే అవకాశం శానా ఉండింది."

ఇది ఓదార్పు మాట కాదని నాకు తెలుసు. ఆమె మీది నుంచి ఒక బరువు దించి ఇంకొకటి ఎత్తాను. ఆమె నోటి మీది కొంగు తీసింది.

"అయితే ఆ భయం నాకు పెట్టింది సైతాను గాదా?"

"కాదు. దేవుడు నీకిచ్చిన బుద్ధి అది."

ఆ మాట నా నోట వచ్చాక నేనే ఉలిక్కిపడ్డాను. మూడు వారాలుగా నేను దేవుడనే మాట ఎత్తలేదు.

ఆమె ఏడవలేదు. ఆఫీసు నుంచి వచ్చిన కాగితం తీసుకుని, "ఈ మాట మా మందిరంలో వచ్చి చెప్తావా? నేను చెప్తే ఎవురూ ఇనరు" అంది.

"నీ బిడ్డ జబ్బు సంగతి నలుగురిలో చెప్పేదానికి నీకు ఇష్టమేనా?"

"చెప్పు. అంతా చెప్పు."

ఆదివారం పోయాను. అదే రేకుల మందిరం. సాక్ష్యాల సమయంలో సంతోషమ్మ నా చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయింది. అయ్యగారు నన్ను చూసి కుర్చీలో బిగుసుకుపోయాడు. నేను ఏం చెప్తానో అని ఆయన భయపడటం నాకు కనిపించింది. దానికి నేను ఆనందపడ్డానని దాచను.

నేను చెప్పింది నాలుగు మాటలే. సువార్తకు డయాలిసిస్ చేసిన నర్సును నేనే. ఆ బిడ్డ ఇన్సులిన్ లేక చనిపోయింది. తల్లి అనుమానం వల్ల కాదు. సూది మానేస్తోందని సోమవారమే తెలిసి కూడా నేను మీ ఊరికి ఫోన్ చేయలేదు, ఆ పాపం నాది. మీలో ఎవరైనా మందు మానేసి ఉంటే ఈ రోజే మళ్లీ మొదలుపెట్టండి. అంతే. అయ్యగారి సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు.

ఎవరూ ఆమెన్ అనలేదు. అయ్యగారికి అప్పుడు ఒక అవకాశం ఉండింది. ఆయన లేచి నిలబడ్డాడు, పాటల పుస్తకం తెరిచాడు, పాట ఎత్తుకున్నాడు. జనం అందుకున్నారు. నేనూ సంతోషమ్మా ఆ పాట మధ్యలో నడిచి బయటికొచ్చాం.

చెప్పుల దగ్గర నిలబడి ఉంటే ఒక పెద్దామె లోపలినుంచి మెల్లగా వచ్చింది. "సిస్టరమ్మా, బీపీ బిళ్ళ ఆపి రెండు నెల్లాయ. యాడ నుంచి మొదలుపెట్టాల?" అని చెవిలో అడిగింది. ఆమె పోయాక ఇంకొకామె. మూర్ఛ బిళ్ళలు వాడే కొడుకు గురించి. మూడో ఆమె ఏమీ అడగలేదు, కొంగుముడి విప్పి సగం మిగిలిన మాత్రల అట్ట చూపించింది. లోపల పాట గట్టిగా వినిపిస్తోంది. వీళ్లందరూ ఆ పిల్ల సాక్ష్యానికి హల్లెలూయా అన్నవాళ్లే. వీళ్లందరికీ లోపల అనుమానం ఉంది. ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు.

సోమవారం అయ్యగారు మామూలుగా వచ్చాడు. సూదులు వేయించుకున్నాక అడిగాడు.

"నన్ను బయటపెట్టలేదు. యాల?"

"మా వృత్తికి ఒక రూలు ఉంది. మీ వృత్తికీ ఒకటి ఉంటాదనుకున్నా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఈ చేతికి ఆపరేషన్ అయిన దినాన్నే నాకు నమ్మకం పోయిందమ్మా. నాకు యాల స్వస్థత లేదని ఎన్నిసార్లు అడిగినానో. కానీ ఈ మాట యాడ చెప్పాల? నాకు చేతనయిన పని ఇదొక్కటే."

ఆ మాట మీద నాకు జాలి కలిగింది. క్షమించడం మాత్రం చేతకాలేదు, ఇప్పటికీ కాలేదు. ఆ నెలాఖరుకు ఆయన ఫైలు వేరే ఆసుపత్రికి మార్పించుకున్నాడు. సంఘం వాళ్లు ఆరాధన చెడగొట్టానని నా మీద ఫిర్యాదు పంపారు. నాకు మెమో ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, ఆరు నెలలు జనరల్ వార్డుకు మార్చారు. అక్కడా పని చేశాను.

మా సంఘానికి మళ్లీ పోవడం మొదలుపెట్టింది ఆ ఆరు నెలల్లోనే. వెనక వరుసలో కూర్చుంటాను. మునుపు పాడిన పాటల్లో కొన్నింటికి ఇప్పుడు నోరు తెరవను. ఎవరైనా స్వస్థత సాక్ష్యం చెప్తే, ఆరాధన అయ్యాక వాళ్ల దగ్గరికి పోయి మందులు వాడుతున్నారా అని అడుగుతాను. మా పాస్టరుకు ఇది నచ్చలేదు. "నీ ప్రశ్నలు విశ్వాసుల్ని కలవరపెడుతున్నాయమ్మా" అన్నాడు. "కలవరపడనీండి అయ్యగారూ, బతికి ఉంటారు" అన్నాను. రెండు కుటుంబాలు నాతో మాట్లాడటం మానేశాయి. ఒకప్పుడు నాకున్నంత విశ్వాసం ఇప్పుడు లేదు. ఉన్నదాన్ని మాత్రం నేనే తట్టి చూసుకున్నాను.

ఈ కేసు నాకు నేర్పింది చెప్పమంటే ఇదీ. అనుమానం విశ్వాసానికి శత్రువని మా నాయన దగ్గర నుంచి అందరూ నేర్పారు. అయ్యగారు తన అనుమానాన్ని చొక్కా చేతిలో దాచాడు, సంతోషమ్మ కుండలో దాచింది, నేను మర్యాద చాటున దాచాను. మా ముగ్గురిలో ఏ ఒక్కరు నోరు తెరిచినా ఆ పిల్ల డిగ్రీ పూర్తి చేసేది.

పోయిన ఏడాది జమ్మలమడుగు బస్టాండులో సంతోషమ్మ కనిపించింది. చిక్కిపోయింది. మందిరానికి పోతున్నావా అని అడిగాను. పోనంది. ప్రార్థన అయినా చేస్తున్నావా అని అడిగాను.

"చేస్తాండా. ముందు మాదిరి గాదు. ముందు అది ఇయ్యి, ఇది ఇయ్యి అని అడుక్కుంటాంటి. ఇప్పుడు కొట్లాడుతాండా. పొద్దున లేస్తూనే, నా బిడ్డను యాల ఇడిసిపెట్టినావు అని అడుగుతా. ఇంగా జవాబు చెప్పలే."

"చెప్పకపోతే?"

బస్సు వచ్చింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుంది.

"రేపు మళ్లా అడుగుతా. లేడనుకుంటే ఎవుర్ని అడిగేది సిస్టరమ్మా?"